నూనె గిన్నెలో ఘాటు

నార్సింగి సత్తెమ్మ ఇరవై ఏళ్లుగా పసిపిల్లలకు నూనె రాసి నీళ్లు పోస్తోంది. ముక్కు మీద కోపం. ఆరోజు కొండాపూర్ ఫ్లాట్‌లో నూనె గిన్నె అందుకోగానే ఘాటు వాసనకు ఆమె చెయ్యి ఆగిపోయింది.

"దీన్ల ఏం గలిపినవ్?"

"బాబుకు జలుబని నీలగిరి తైలం వేశాను, సత్తెమ్మా. వాడి ముక్కు దగ్గర కూడా రాశాను," అంది బాబు తల్లి రసజ్ఞ, చెవిలో ఆఫీసు కాల్‌తోనే.

నాలుగు నెలల బాబు ఊపిరి తీసుకోలేక ఎగపోస్తున్నాడు. సత్తెమ్మ వాడి ముక్కు తడిగుడ్డతో తుడిచి, భుజాన వేసుకుని లిఫ్ట్ వైపు ఉరికింది.

"ఫోన్ పక్కన పెట్టు! పసోళ్లకు గీ ఘాటు పడదు. దవాఖానకు నడువ్!"

"నాచురల్ అని సీసా మీద ఉంది..." లిఫ్టులో రసజ్ఞ ఏడ్చేసింది.

"ఉమ్మెత్తకాయ గూడ చెట్టుకే కాస్తది!"

కింద తలుపు తెరుచుకునేసరికి బాబు కెవ్వుమన్నాడు. ఏడ్చాడంటే ఊపిరి ఆడుతున్నట్టేనని సత్తెమ్మకు తెలుసు. అయినా దవాఖాన దాకా ఆగలేదు.