అత్త కొనని సైకిలు

మా మేనత్త పోయిన సోమవారం ఉదయం విజయవాడలో చనిపోయింది. పామర్రు నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పగానే నా నోట వచ్చిన మొదటి మాట, "ఎవరు చెప్పారు? నువ్వు కళ్ళారా చూశావా?" అని. "అచ్చం అత్త అడిగినట్టే అడుగుతున్నావక్కా" అన్నాడు వాడు. అప్పటికి గానీ నాకు ఏడుపు రాలేదు.

వన్‌టౌన్‌లో కాలువ దగ్గరి సందులో ఆమెకు పాత సైకిళ్ళ షాపు ఉండేది. జనం వాడి వదిలేసిన సైకిళ్ళు కొని, బాగుచేయించి, మళ్ళీ అమ్మేది. నిజానికి షాపు మావయ్యది. ఎవరేం చెప్పినా నమ్మేసే మనిషాయన. దొంగ సైకిలని తెలియక ఒకటి కొని, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి సగమైపోయాడు. ఆయన పోయాక ఆ కుర్చీలో కూర్చున్న అత్త మాత్రం ఎవర్నీ నమ్మలేదు.

డిగ్రీ చదివిన రోజుల్లో నేను ఆమె దగ్గరే ఉన్నాను. కాలేజీ వదలగానే షాపుకి వెళ్ళేదాన్ని. ఎవరైనా సైకిలు అమ్మడానికి తెస్తే అత్త ముందు సైకిలు వైపు చూసేది కాదు, తెచ్చినవాడి మొహం వైపు చూసేది. తర్వాత గోటితో రంగు గీకి, కింద ఇంకో రంగు ఉందేమోనని వెతికేది. కొనేవాళ్ళనీ వదిలేది కాదు. సందు చివరిదాకా తొక్కి చూస్తామంటే చెప్పులు ఇక్కడ విడిచి వెళ్ళమనేది. ఎండకి కాళ్ళు కాలి వాళ్ళు గంతులేస్తూ తిరిగొచ్చేవాళ్ళు. నాకు నవ్వాగేది కాదు. "నవ్వకే. తాళాన్ని నమ్ముతా గానీ తాళం వేసినవాణ్ణి నమ్మను నేను" అనేది. హోటల్ టీ కూడా వాసన చూడకుండా తాగేది కాదు.

ఒక వేసవి మధ్యాహ్నం ముప్పై ఏళ్ళ వయసున్న ఒకతను లేడీస్ సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ముందు బుట్ట ఉంది. పెద్దగా అరిగింది కాదు.

"ఎవరిదయ్యా ఇది?" అంది అత్త.

"మా ఆవిడదండీ. తొక్కట్లేదు. అమ్మేద్దామని."

అత్త వంగి చైను వేలితో తడిమింది. "తొక్కని సైకిలుకి నూనె ఎందుకు వేశారు?"

"అమ్ముదామనే వేశానండీ."

"మరి బుట్టలో ఈ మల్లెపువ్వు ఇంకా వాడనేలేదే?"

దొంగ దొరికాడనే అనుకున్నాను నేను. అత్త కూడా అదే అనుకుంది. "మీ ఆవిణ్ణి తీసుకురా, మాట్లాడదాం. అందాకా సైకిలు ఇక్కడే ఉంటుంది" అంది.

"మిమ్మల్ని ఎలా నమ్మాలండీ?"

"నమ్మొద్దు. తాళం వేసి చెవి నువ్వే పట్టుకుపో."

మర్నాడు సాయంత్రం అతను భార్యను వెంటబెట్టుకుని ఆటోలో దిగాడు. సన్నటి మనిషి. "అవునండీ, నాదే" అంది నేల చూపులు చూస్తూ. మాట మామూలుగానే ఉంది గానీ ఆ చూపు అత్తకు నచ్చలేదు. అతన్ని మలుపులో హోటల్ నుంచి టీలు తెమ్మని పంపించింది. అతను అటు వెళ్ళగానే, "ఇప్పుడు చెప్పమ్మా" అంది.

ఆమె రోడ్డు వైపు చూసి గబగబా చెప్పింది. కృష్ణకి అవతలున్న సీతానగరం నుంచి ఇక్కడ ఒక బట్టల షాపులో పనికి వస్తుంది. తన జీతంతోనే ఆ సైకిలు కొనుక్కుంది. "తెలిసినవాళ్ళ ఆటోలో అయితే ఎప్పుడెక్కానో ఎప్పుడు దిగానో ఆయనకి తెలుస్తుందంటండీ. సైకిలైతే మధ్యలో ఎక్కడ ఆగుతున్నానో తెలియదంట."

అత్త ఊరుకుంటుందా! "ఆగుతావా మరి?"

"ఆగుతానండీ. బ్యారేజీ మీద కాసేపు. గాలికి."

అత్త ఇంకేమీ అడగలేదు. ఆమె అలా ఊరుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

అతను టీ గ్లాసులతో తిరిగి రాగానే, "ఈ సైకిలు నేను కొనను. ఇది దొంగ సైకిలు" అంది.

"అదేం మాటండీ! తనదేనని ఆవిడే చెప్పిందిగా?"

"తనదని చెప్పింది. అమ్ముతానని చెప్పలేదు. మనిషికి ఇష్టం లేకుండా తెచ్చిన సైకిలు ఈ షాపులో దొంగ సైకిలే."

అతని మొహం ఎర్రబడింది. "మా ఇంటి సంగతి మీకెందుకండీ?" అంటూ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు. భార్య ఒక అడుగు వెనక్కి వేసింది.

అత్త గొంతు పెంచలేదు. "కూర్చో బాబూ. నాకూ ఆ జబ్బుంది కాబట్టే చెప్తున్నా. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయన జేబులు వెతికాను. ఎక్కడికెళ్ళావు, ఎవరితో మాట్లాడావు అని ప్రాణం తోడేశాను. ఏమీ దొరకలేదయ్యా నాకు. ఆయన మాత్రం ఇంటికి ఆలస్యంగా రావడం మొదలెట్టాడు. ఎక్కడికీ పోలేదంట. ఇదిగో, ఈ షాపులోనే షట్టరు సగం దించుకుని ఒక్కడూ కూర్చునేవాడంట. ఆయన పోయాక పక్క షాపువాళ్ళు చెప్తే తెలిసింది నాకు."

ఆ సంగతి నేనూ అప్పుడే విన్నాను. అతను కూర్చోలేదు. జేబులోంచి చెవి తీసి, తాళం తీసి, సైకిలు బయటికి నడిపించాడు. భార్య వెనకే వెళ్ళింది.

"ఇంకో షాపుకి పోతాడు. వెళ్ళి చూడవే" అంది అత్త.

మలుపుదాకా వెళ్ళి చూశాను. అతను ఇంకే షాపు వైపూ తిరగలేదు. కొంతదూరం నడిచాక హ్యాండిల్ ఆమె చేతికిచ్చాడు. ఆమె ఎక్కి మెల్లగా తొక్కుతుంటే పక్కనే నడిచాడు. వచ్చి చెప్పాను. "నిజంగా చూశావా? నా తృప్తి కోసం చెప్తున్నావా?" అంది. ఆ తర్వాత వాళ్ళేమయ్యారో మాకు తెలియదు. ఒక్క సాయంత్రంతో మనిషి మారిపోతాడంటే అత్త నమ్మేది కాదు, నేనూ నమ్మను.

అత్త కూడా పెద్దగా మారలేదు. రంగు గీకడం మానలేదు, టీ వాసన చూడటం మానలేదు. నా విషయంలో మాత్రం ఒకటి మారింది. అంతకుముందు కాలేజీ నుంచి కాస్త ఆలస్యమైతే గుమ్మంలోనే నిలబెట్టి అన్నీ ఆరా తీసేది. ఆ తర్వాత కూడా ఆలస్యమైన రోజున గుమ్మంలోనే ఉండేది. నన్ను చూడగానే అడగడానికి నోరు తెరిచేది. ఆ ప్రశ్నను మింగడం ఎంత కష్టమో ఆమె మొహంలో కనిపించేది. మింగేసేది. తర్వాత చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, నేను లోపలికి వెళ్ళడానికి పక్కకి తప్పుకునేది.