ఇనుప ప్లేటు మీద గీత

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎన్నడూ ఆరని పొయ్యి ఒకటి ఉండేది. మా ఇల్లు అనడం కాస్త అతిశయమే. ఎనభైల మొదట్లో, న్యూజెర్సీలోని పార్సిప్పనీ దగ్గర, ఒక ముసలావిడ తన పాత ఇంటి కింది భాగం మాకు అద్దెకిచ్చింది. అంతకుముందు రెండు నెలలు అమ్మా, నాన్నా, నేనూ ఒకే మోటెల్ గదిలో ఉన్నాం. అక్కడ అమ్మ కరెంటు కుక్కర్‌లో అన్నం వండుతూ, వాసన బయటికి పోకుండా తలుపు కింద తువ్వాలు కుక్కేది. నాన్న అడగడానికి వెళ్ళిన మూడు ఇళ్ళూ, మా ముఖాలు చూసిన నిమిషంలోనే ఎవరో తీసేసుకున్నారట. అందుకే ఈవిడ సరే అన్నప్పుడు నాన్న నమ్మలేక మరోసారి అడిగాడు.

ఇక పొయ్యి. గేదె పడుకున్నంత ఇనుము. పైన రెండు గుండ్రటి ప్లేట్లు, ఒక్కోటి అట్లపెనమంత. వాటికి మందపాటి మూతలు. లోపల ఆయిల్ మంట ఎప్పుడూ మండుతూనే ఉంటుంది. ఎడమ ప్లేటు మరగడానికి, కుడిది సన్నసెగకి. తిప్పడానికి ఒక్క మీటా లేదు. సెగ తగ్గాలంటే గిన్నెనే పక్క ప్లేటు మీదికి మార్చాలి.

మేం దిగిన రోజున ఆవిడ పొయ్యి పక్కన నిలబడి జాగ్రత్తలు చెప్పింది. నాకప్పటికి తొమ్మిదేళ్ళు. అమ్మకి ఇంగ్లిష్ రాదు, మా ఇంట్లో ఆ శాఖ నాది. వంట కాగానే మూత వేయాలి, లేకపోతే దాచుకున్న వేడంతా పోతుంది. గిన్నె ఎత్తి పెట్టాలి, ఈడ్చకూడదు. అడుగు చదునుగా ఉండాలి. ఏదైనా పొంగితే మాడనిచ్చి, తీగల బ్రష్షుతో పొడిగా గీకాలి. చివరగా, వేడి ప్లేటు మీద చన్నీళ్ళు పడకూడదు. ఈ చివరిది నేను అమ్మకి చెప్పలేదు. సరిగ్గా అప్పుడే పక్క గదిలో నాకోసం వేసిన మంచం కనిపించింది. ఐదింటికి నాలుగు చెప్పాను, మా స్కూల్లో అయితే అది మంచి మార్కే.

పదకొండో రోజు, శనివారం ఉదయం, నాన్న ఆఫీస్‌కి వెళ్ళాక పాలు పొంగాయి. అమ్మకి పొయ్యి మురికిగా ఉంటే ప్రార్థన కూడా సాగదు. వాళ్ళ పుట్టింట్లో వంట కాగానే పొయ్యిని నీళ్ళతో కడిగేవాళ్ళు. ఉత్తి గీకుడుతో మురికి పోతుందని నమ్మక, ఇక్కడా చెంబెడు నీళ్ళు తీసుకుని, మాడిన పాల మీద గుమ్మరించింది.

ఠంగుమంది. ఆవిరి సీలింగుని తాకింది. అమ్మ "ప్రభువా!" అంటూ ముఖం కప్పుకుని వెనక్కి గెంతింది. నా కళ్ళు ప్లేటు ఎత్తులోనే ఉన్నాయి కాబట్టి చూశాను. అంచు నుంచి నడిమి దాకా, వెంట్రుకంత సన్నగా, ఒక గీత పాకింది.

ఆవిరి పోయాక ఇద్దరం ఆ గీతని చూస్తూ నిలబడ్డాం. నాకు మోటెల్ గది, తలుపు కింద తువ్వాలు కనిపించాయి.

"అమ్మా, మూత వేసేద్దాం. ఆవిడకి చెప్పొద్దు."

"వాళ్ళ వస్తువు పాడుచేసి మూతేస్తామా? వెళ్ళి పిలుచుకురా. అవునే, నీళ్ళు పోయకూడదని ఆవిడ చెప్పలేదు కదా?"

"ఊఁహూఁ" అన్నాను. నేను చెప్పని ఐదో జాగ్రత్త అప్పుడు గుర్తొచ్చింది.

ఆవిడ కిందికి దిగొచ్చింది. అమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "తప్పు నాదేనండీ. పాలు పొంగితే నీళ్ళు పోశాను. మీరేమన్నా పడతాను. ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యమనకండి" అంది. నేను ఇంగ్లిష్‌లోకి మార్చాను: పొయ్యి దానంతటదే పగిలింది.

అమ్మ నావైపు తిరిగింది. "నేనంత చెప్తే నువ్వింతే చెప్పావేంటే?" ఇక నన్ను నమ్ముకోకుండా చెంబు అందుకుని, ప్లేటు మీద వంచినట్టు చూపించి, నోటితో "ఠంగ్!" అని, వేలు తన గుండెకి ఆనించింది. నేను లేకుండా అమ్మ ఇంగ్లిష్ వాళ్ళతో మాట్లాడగలదని నాకు తట్టనే లేదు.

ఆవిడ అమ్మని వదిలి నన్ను చూసింది. "నీళ్ళ సంగతి మొదటి రోజే చెప్పాను. మీ అమ్మకి చెప్పావా?" అని మెల్లగా అడిగింది. లేదన్నాను, తలవంచి నా మేజోళ్ళతో చెబుతున్నట్టు. అమ్మకి ఆ ఇంగ్లిష్ అందలేదు.

ఆవిడ వంగి ఆ గీతని చాలాసేపు చూసింది. బ్రష్షు తీసుకుని మాడిన పాలు గీకేసింది. నేను మనసులో నా బట్టలు సర్దేసుకున్నాను.

"మీ అమ్మతో చెప్పు" అంది చివరికి. "ఈ గీత పాతది. పెళ్ళయిన కొత్తలో నేనే నీళ్ళు పోశాను. మా ఆయనకి కనపడకుండా ఏడాదిపాటు దీనిమీద కెటిల్ పెట్టి ఉంచాను. ఈసారి మొత్తం చెప్పు."

పది నిమిషాల కిందట నా కళ్ళముందు పుట్టిన గీత అది. అది నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే తెల్లజుట్టు మనిషి, రెప్ప కూడా వేయకుండా నన్నే చూస్తోంది.

మొత్తం చెప్పాను. కెటిల్‌తో సహా.

"అయ్యో, ఆవిడ కూడానా!" అంది అమ్మ. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మోటెల్‌లో దిగినప్పటి నుంచి అమ్మ నవ్వడం అదే మొదలు. ఆవిడా నవ్వి, గిన్నెలో పిండి కలిపి, పెనమూ ఏమీ లేకుండా కుడి ప్లేటు మీదే గరిటెడు పోసింది. "పొయ్యి మీదే అట్టు పోస్తుందేంటే!" అని అమ్మ అప్పుడు అదిరిపడింది.

ఆ ఇంట్లో నాలుగేళ్ళున్నాం, ఆ గీతతోనే. ఇంటావిడ కూడా తనలాగే చేసిందని చర్చి ఆంటీలందరికీ అమ్మ ఎన్నోసార్లు చెప్పుకుంది. నేను పక్కనే ఉండి కూడా సరిదిద్దలేదు. తప్పు చేసి తలవంచుకున్న మనిషి నా ఎదుట నిలబడితే ఇప్పటికీ ఆ రెప్ప వేయని ముఖమే గుర్తొస్తుంది, అడగాలనుకున్న మాటల్లో సగం మింగేస్తాను. అమ్మ బతికున్నంత కాలం ఆమెకి నేను చేసిపెట్టిన అనువాదాలు వందల్లో ఉంటాయి. అక్షరం పొల్లుపోకుండా చేసింది మాత్రం ఆ అబద్ధాన్నే.