అవ్వ తిన్న జెల్లీ

నాలుగేళ్ల కిందట నేను హిందూపురంలో ఉద్యోగం చేస్తున్న రోజులవి. స్నేహితురాలికి పెళ్లి కుదిరిందని ఆదివారం పెనుకొండలో అమ్మాయిలం మాత్రమే పార్టీ పెట్టుకున్నాం. జెల్లీలో వోడ్కా కలిపి చిన్న కప్పుల్లో గడ్డకట్టించి తెచ్చే పని నాది. శనివారం ధర్మవరంలోని మా ఇంట్లో గుట్టుగా చేసి, ఫ్రిజ్‌లో పెట్టి, గడ్డకట్టాక స్నానానికి వెళ్లాను.

వచ్చి చూస్తే ఆరు కప్పులు ఖాళీ! ఒక్కపొద్దు ఉన్న అవ్వ మూతి తుడుచుకుంటూ, "సల్లగా బాగుండాది పాపా, రవ్వంత చేదు" అంది. కాసేపటికే మాట తడబడి, మగ్గం పక్కనే ఒరిగిపోయింది.

నాయన ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. "ఎండదెబ్బ తగిలినట్టుండాది సార్" అన్నాడు. డాక్టరు సెలైన్ పెట్టి పంపించేస్తానన్నాడు. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ అవ్వ రోజూ షుగరు మాత్రలు వేసుకుంటుంది. నాయన ఎదుటే గట్టిగా చెప్పాను.

"ఎండదెబ్బ కాదు సార్. నేను చేసిన జెల్లీలో వోడ్కా ఉండాది. ఒక్కపొద్దుండి ఆరు కప్పులు తినింది. రోజూ షుగరు మాత్రలు ఏసుకుంటాది."

డాక్టరు ముఖం మారింది. "ఖాళీ కడుపు, పైగా ఆ మాత్రలు. షుగరు పడిపోవచ్చు, ఇక్కడే ఉంచండి" అన్నాడు. సాయంత్రం షుగరు నిజంగానే పడిపోయింది. నర్సు పక్కనే ఉండబట్టి వెంటనే గ్లూకోజ్ ఎక్కించింది.

నాయన మూడు రోజులు అవ్వ మంచం పక్కనే ఉన్నాడు. నాలుగో రోజు నాతో, "తప్పు చేసినావు. డాక్టరు కాడ దాచకుండా చెప్పినావు కాబట్టి మాయమ్మ నాకు దక్కింది" అన్నాడు.

నాయన ముందు ఆ మాట చెప్పడానికి పడిన భయం నాకింకా గుర్తుంది. అయినా మళ్లీ అలాంటి పరిస్థితే వస్తే అంతే గట్టిగా చెబుతాను.