మళ్లీ ఆగిపోనివ్వమ్మా

బాపట్ల కాలేజీలో మా కంప్యూటర్ ల్యాబ్ మేడమ్‌కి ప్రోగ్రాం ఆగిపోతే హుషారు వచ్చేది. "మళ్లీ ఆగిపోనివ్వమ్మా, చూద్దాం" అనేవారు.

వైవాకు ముందురోజు నా ప్రాజెక్టు పదే పదే ఆగిపోయింది. "నీ కోడే తప్పమ్మాయ్" అని మిగతా లెక్చరర్లు తేల్చేశారు. నేను ఏడుస్తుంటే మేడమ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. ఆగిన ప్రతిసారీ టైము, ఏ కంప్యూటరో నోటుబుక్కులో రాశారు. పదకొండోసారికి నవ్వారు. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా అప్‌డేట్ చేసిన కంప్యూటర్లలోనే ఆగుతోంది, పాతవాటిలో బాగానే నడుస్తోంది.

"నీ ప్రోగ్రాం వాడుతున్న మెమరీని ఆపరేటింగ్ సిస్టమే వేరేదానికి ఇచ్చేస్తోందే పిచ్చిదానా!"

మర్నాడు వైవాలో ఆ నోటుబుక్కు పరీక్షకుల ముందు పెట్టి, "అమ్మాయి కోడ్‌లో తప్పు లేదండి" అన్నారు. నేను పాసయ్యాను.

ఇప్పుడు తెనాలిలో మా పాప ఎందుకు ఏడుస్తోందో తెలియక భయపడినప్పుడల్లా ఒక పుస్తకంలో టైము రాసిపెడతాను. మొన్న డాక్టరుగారు ఆ పుస్తకం తిరగేసి, "ఇలా రాయడం ఎవరు నేర్పారమ్మా?" అన్నారు.

"మా మేడమండి" అన్నాను, తలెత్తి.