ఖాకీ భుజం మీది దూది

చొక్కాకు దూది అంటుకుంటే నాకు ఇప్పటికీ ఆమే గుర్తొస్తుంది.

ఆదోనిలో కానిస్టేబులుగా చేరిన కొత్తలో, ఒక జిన్నింగ్ మిల్లు నుంచి ఫోనొస్తే వెళ్లాను. పెద్దకడుబూరు నుంచి ఆటోలో వచ్చి పత్తిలో చెత్త ఏరే ఒకామె, కొంగులో దూది చుట్టుకుని పోతూ గేటు దగ్గర దొరికింది. ఎదుటివాళ్ల బట్టలకంటిన దూదిపోగులు తీస్తూ మాట్లాడటం ఆమె అలవాటు. జీపులో నా ఖాకీ చొక్కానూ వదల్లేదు.

స్టేషన్లో కూర్చోబెట్టి, "ఎందుకు తీసినావమ్మా?" అన్నాను.

"కూతురు కాన్పుకొచ్చింది. పుట్టే బిడ్డ తల కింద మెత్తని దిండు పెట్టల్లనుకుంటి."

"షావుకారును అడిగింటే ఇస్తుండె గదా?"

ఆమెకు అప్పుడు కోపమొచ్చింది. "అడిగితే దానమైతాది మేడమ్. దినమంతా దగ్గుకుంటా ఏరి బాగు చేసింది నేను. దాన్నే నేను దానం తీసుకోవల్లనా?"

ఆ మాటకు ఏ సెక్షను పెట్టాలో నాకు తెలియలేదు. మిల్లువాళ్లు కేసు వద్దన్నారు, పనిలోంచి మాత్రం తీసేశారు.

వెళ్లబోతూ ఆమె నా భుజం మీద మిగిలిన దూదిపోగు ఒకటి తీసి, నా బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది.

"ఇది మిల్లోళ్లది మేడమ్. వాళ్లకిచ్చేయండి."