రాగి ఉంగరం చప్పుడు

దెయ్యాలు, గాలి, ధూళి అనే మాటలను నేను ఏనాడూ నమ్మలేదు. పొద్దున ఒక దీపం, సాయంత్రం ఒక దీపం, మధ్యలో దొరికిన ప్రతి మంచికీ దేవుడికి ఒక దండం. ఇంతే నాకు తెలిసింది. దేవుడున్న ఇంట్లో ఇంకొకటి తిరుగుతుందని ఎవరైనా అంటే నవ్వొచ్చేది. ఇప్పుడు రాయబోయేది కూడా దెయ్యం సంగతి అని అనడం లేదు. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

మా నాయన మదనపల్లెలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అటెండరు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. బడికి పంపితే నెలలో సగం రోజులు మంచంలోనే ఉండేదాన్ని. దాంతో చదువంతా ఇంట్లోనే. సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నాయనే పలక ముందు కూర్చునేవాడు. ఆయన చొక్కాకు ఎప్పుడూ ఒక ఘాటు వాసన. అది అమ్మోనియా అని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అది చదువు వాసన అనుకునేదాన్ని.

సెలవు రోజుల్లో సార్ల అనుమతి అడిగి నన్ను ల్యాబ్‌కు తీసుకుపోయేవాడు. నీళ్ళ కాఠిన్యం ఎంతో కనుక్కునే పరీక్ష అక్కడే నేర్పించాడు. చదవని వాళ్ళ కోసం చెబుతాను. కొలిచిన నీళ్ళు ఫ్లాస్కులో పోసి, కాస్త అమ్మోనియా ద్రావణం కలిపి, ఒక చిటికెడు నల్ల పొడి వేస్తే ద్రాక్షరంగు ఎరుపు వస్తుంది. పైన నిలువు గాజు గొట్టం, బ్యూరెట్, దాన్నుంచి ఇంకొక ద్రావణం చుక్కచుక్కగా వదలాలి. ద్రాక్షరంగు పోయి నీలం రాగానే ఆపాలి. ఎన్ని చుక్కలు పడితే నీళ్ళు అంత గట్టివి. ఒక్క చుక్క ఎక్కువైనా లెక్క తప్పుతుంది.

"నీలం వచ్చిందా అని సూడబాక అమ్మణ్ణీ. ఎరుపు పూర్తిగా పోయిందా లేదా, అది సూడు" అనేవాడు.

ఆయన కుడిచేతి వేలికి ఒక రాగి ఉంగరం ఉండేది. పిల్లలు పరీక్ష చేస్తుంటే వెనక నడుస్తూ, సరిగ్గా ఆపాల్సిన చుక్క దగ్గర బ్యూరెట్ స్టాండు ఇనుప కడ్డీ మీద ఆ ఉంగరంతో ఒక్కసారి కొట్టేవాడు. టిక్. ఆ తర్వాత కడ్డీలో సన్నటి మోత. నోటితో మాట లేదు. సార్లు విననట్టు ఉండేవారు. ప్రాక్టికల్ పరీక్షల రోజు మాత్రం ఇంటి దగ్గరే ఉంగరం తీసి దేవుడి పటం ముందు పెట్టి పోయేవాడు. "ఈ పొద్దు వాళ్ళు సొంతంగా సెయ్యాలమ్మా" అనేవాడు.

నాకు పెళ్ళై పుంగనూరు వచ్చాను. తొమ్మిదేళ్ళ క్రితం నాయన పోయాడు. కర్మలు అయ్యాక ఆ ఉంగరాన్ని అమ్మ, నేను గుడికి తీసుకుపోయి హుండీలో వేశాము. నా చేతులతోనే వేశాను. ఇది గుర్తుపెట్టుకోండి.

రెండేళ్ళ క్రితం ఒక యూనివర్సిటీ వాళ్ళు పరిశోధన కోసం పుంగనూరులో, విత్తనాల అంగడి మీది మేడలో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. అందులో మూడు శాఖల వాళ్ళు ఉన్నారు. కెమిస్ట్రీ వాళ్ళు ఊళ్ళ బోరు నీళ్ళు పరీక్షిస్తారు. ఫైనాన్స్ వాళ్ళు క్యాను నీళ్ళకు ఇంటి ఖర్చులో ఎంత పోతుందో రాసుకుంటారు. మూడోది ప్రయోగాత్మక ఆర్థికశాస్త్రం. 'మీ బోరు నీళ్ళు ఇలాంటివి' అని చీటీ చేతికిస్తే మనిషి మర్నాటి నుంచి ఏం మార్చుకుంటాడు, ఆ చీటీ ఆలస్యంగా ఇస్తే ఏం చేస్తాడు అని చూడటం. ఈ భాగం హరీశ అనే పరిశోధక విద్యార్థిది. గుడుపల్లె అబ్బాయి. డబ్బాలో చింతపండు పులిహోర తెచ్చుకుని నాకు సగం పెట్టేవాడు.

చేత్తో పరీక్షలు చేయడానికి మనిషి కావాల్సి వచ్చినప్పుడు, కెమిస్ట్రీ వైపు పెద్దాయనకు నేను గుర్తొచ్చాను. ఆయన ఒకప్పుడు మా నాయన ల్యాబ్‌లో విద్యార్థి. నా దగ్గర ఒక్క సర్టిఫికెట్ కూడా లేదు. "ఆయన కూతురంటే సాలు" అన్నాడట. ఆ మాటకు నేను ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మొదటి రోజు ఆ అమ్మోనియా సీసా మూత తీయగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటుకేనని హరీశతో చెప్పాను.

సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. ఒకే నీళ్ళను రెండు వేర్వేరు నంబర్లతో కూడా కొన్నిసార్లు పంపేవాళ్ళు. రెండుసార్లూ ఒకే లెక్క వస్తుందా అని నా పనిని పరీక్షించడానికి. ఈ సంగతి నాకు ముందే చెప్పారు, ఏవి జంటలో మాత్రం చెప్పలేదు.

ఒకసారి నీళ్ళు పట్టడానికి వాళ్ళతో సదుం వైపు ఊరికి నేనూ పోయాను. అక్కడ నాగరత్నమ్మ అనే ఆమె, ఇద్దరు మనవరాళ్ళు ఆమె కొంగు పట్టుకుని ఉండగా, సీసా నింపి తెచ్చి దాని నంబరు చీటీ మీద కుంకుమ బొట్టు పెట్టింది.

"ఇదేందమ్మా?" అన్నాడు హరీశ.

"పరీచ్చకి పోతాండాది కదప్పా. బొట్టు పెట్టకుండా యాడైనా పంపిస్తామా?" అని నవ్వి, నా వైపు తిరిగింది. "మా బోరు నీళ్ళు పిల్లోళ్ళు తాగొచ్చునా కూడదా, నిజం సెప్పమ్మా. బాగుండాయంటే రేపట్నుంచే క్యాన్లు మానుకుంటాము. వారానికి నాలుగు క్యాన్లు మోయలేకుండా ఉండాము."

హరీశ తుడిచినా బొట్టు మరక పోలేదు. ఆ మాట కూడా నాలో అలాగే ఉండిపోయింది.

అసలు కష్టం నా కళ్ళతో వచ్చింది. అప్పటికే నాలుగు నెలలుగా రెండు కళ్ళలోనూ శుక్లం ముదురుతోంది. తెలుపు పసుపుగా, నీలం బూడిదగా కనిపించేది. ద్రాక్షరంగు ఎక్కడ అయిపోయి నీలం ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. చెబితే పని పోతుంది. నాయన బల్ల ముందు మళ్ళీ నిలబడినంత సంతోషం పోతుంది. చెప్పలేదు. దేవుడి ముందు తల వంచుకుని ఒప్పుకున్నానే గాని, మనుషులకు చెప్పలేదు.

ఒక పొద్దున, పదకొండు గంటలప్పుడు, కిటికీ నిండా ఎండ ఉండగా, ఫ్లాస్కును వెలుతురుకు పెట్టి కళ్ళు చిట్లించి చుక్కలు వదులుతున్నాను. టిక్. ఆపైన సన్నటి మోత.

చెయ్యి దానంతటదే బ్యూరెట్ కుళాయి కట్టేసింది.

బల్లి అనుకున్నాను. ఫ్యాను ఆపి చూశాను. కింద అంగడిలో తూకం రాళ్ళేమో అని, అంగడి మూసేసే ఆదివారం కూడా వచ్చి చేశాను. ప్రతి సీసాకూ ఒకేసారి వచ్చేది, చివర్లోనే వచ్చేది. నా గాజుల చప్పుడేమో అని మీరు అనుకోవచ్చు. గాజుకు గాజు తగులుతుందని పనికి కూర్చునే ముందే వాటిని తీసి పర్సులో పెట్టుకోవడం నాకు నాయన చేసిన అలవాటు. నా చేతికి ఉంగరం ఎన్నడూ లేదు.

భయం వేయలేదు. నిజం చెప్పాలంటే, అలా గడిచిన పదకొండు రోజులూ నా జీవితంలోకెల్లా మంచి రోజులు. కళ్ళు మూసుకుని కూడా చేయగలిగేదాన్ని. జంట సీసాల లెక్కలన్నీ కలిశాయని హరీశ చెప్పినప్పుడు దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

పన్నెండో రోజు కుంకుమ మరక ఉన్న సీసా నా ముందుకు వచ్చింది.

చుక్కలు మొదలుపెట్టీ పెట్టకముందే, నాలుగో చుక్కకు, టిక్. ఉలిక్కిపడ్డాను. సదుం వైపు బోరు నీళ్ళకు నాలుగు చుక్కలా? ఆ చుట్టుపక్కల సీసాలన్నిటికీ బ్యూరెట్ సగం ఖాళీ అయింది. మళ్ళీ నీళ్ళు కొలిచి పోసి చేశాను. నాలుగో చుక్క. మూడోసారి కూడా నాలుగే. నా కంటికి ఫ్లాస్కులో ఉన్నది నీలమో ఎరుపో బూడిదో తెలియడం లేదు.

ఆ నాలుగు చుక్కలు రాస్తే 'మీ నీళ్ళు మెత్తనివి, తాగొచ్చు' అని చీటీ పోతుంది. మర్నాటి నుంచి ఆ పిల్లలు బోరు నీళ్ళు తాగుతారు. చప్పుడు నిజమో, నా ఆశ నాకు వినిపిస్తోందో. నిజం సెప్పమ్మా అన్న గొంతు ఒక పక్క. లేచి పక్క గదిలోకి పోయాను.

"హరీశా, నాకు కళ్ళు కనపడటం లేదప్పా. చాలా రోజులైంది. ఈ లెక్కలన్నీ పారేయండి" అన్నాను. చప్పుడు సంగతి చెప్పలేదు.

అబ్బాయి కంప్యూటర్ వదిలి వచ్చి ఫ్లాస్కు ఎత్తి చూశాడు. "అక్కా, ఇది నీలమే కదా. ఇంత శుభ్రమైన నీలం నేను ఎప్పుడూ సూడలేదు. నీకు కనపడకుండా ఎట్ల ఆపితివి మరి?"

"నాలుగు చుక్కలకే వచ్చిందప్పా. బోరు నీళ్ళకు రాదు" అన్నాను.

అతను నంబరు చూసి, చీటీల పుస్తకంలో పేరు వెతికి, నాగరత్నమ్మకు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాడు.

"అమ్మా, ఆ పొద్దు సీసాలో పోసింది బోరు నీళ్ళేనా?"

"బోరు నీళ్ళా? ఇంటికొచ్చినోళ్ళ చేతికి ఉప్పునీళ్ళు యాల ఇస్తాము సామీ! క్యాను నీళ్ళే పోస్తి. కొత్త క్యాను తెరిచి మరీ పోస్తి."

హరీశ తల పట్టుకున్నాడు. "పరీక్షకమ్మా! తాగేదానికి కాదు!"

"ఏదైతేనేమప్పా, మా ఇంటి నుంచి పొయ్యేది కదా. పరువు ఉండొద్దా?"

ఇద్దరం నవ్వాము. చప్పుడు సరిగ్గానే చెప్పింది.

మళ్ళీ నీళ్ళు తెప్పిస్తాననీ, మిగతా సీసాలను కుప్పంలో ఇంకొకరి చేత పరీక్ష చేయిస్తాననీ హరీశ అన్నాడు. కోపగించుకోలేదు. ఆ పిల్లవాడి మంచితనానికి నేనేం చేయగలను, ప్రార్థనలో పేరు చేర్చుకోవడం తప్ప. పోబోతూ గుమ్మంలో ఆగాడు.

"అక్కా, ఉంగరం మాత్రం నీకు గొప్ప అలవాటు. స్టాండు మీద టిక్కుమని కొడతావే, ఆ చప్పుడు ఇనపడినప్పుడల్లా ఇంగో సీసా అయిపోయిందని ఈ గదిలో నేను గీత గీసుకుంటా ఉంటి."

నేను రెండు చేతులూ అతని ముందు చాపాను. అతను వేళ్ళ వైపు చూశాడు. బోసి మణికట్ల వైపు చూశాడు. తర్వాత తన పుస్తకం తెచ్చి చూపించాడు. నిలువు గీతలు, అయిదేసి చొప్పున కట్టలు కట్టి. ఆ పన్నెండు రోజులకు నా రిజిస్టరులో ఎన్ని పరీక్షలున్నాయో అన్నే గీతలు. ఒక్కటి తక్కువ లేదు, ఒక్కటి ఎక్కువ లేదు.

కుప్పంలో మళ్ళీ చేసిన లెక్కలు నావాటితో కలిశాయి. నాగరత్నమ్మ అసలు బోరు నీళ్ళకు బ్యూరెట్ సగానికి పైగా ఖాళీ అయిందట. 'తాగకండి' అని చీటీ పోయింది. క్యాన్లు మోయడం ఆమెకు తప్పలేదు గాని, పిల్లలు ఆ నీళ్ళు తాగలేదు. అది చాలు.

కుప్పంలోనే నా కళ్ళకు ఆపరేషన్ అయింది. రెండు నెలల తర్వాత మళ్ళీ ఆ మేడ మీది గదికి పోయాను. నల్ల పొడి, ద్రాక్షరంగు, చుక్క తర్వాత చుక్క. నీలం వచ్చింది. చిన్నప్పుడు చూసిన నీలమే, అంత తేటగా. కుళాయి కట్టి చెవులు రిక్కించాను. కింద అంగడిలో ఎవరో బేరమాడుతున్నారు. ఫ్యాను తిరుగుతోంది. అంతే. ఆ తర్వాత మరెప్పుడూ వినిపించలేదు. పరీక్ష రోజున ఉంగరం తీసి పటం ముందు పెట్టిపోయే మనిషి గుర్తొచ్చి, మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఈ మధ్య హరీశ తన పరిశోధన గ్రంథం పూర్తిచేసి ఒక ప్రతి తెచ్చిచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. నీళ్ళ పరీక్షల గురించిన పేజీ తీసి, ఒక వాక్యం కింద వేలు పెట్టి తెలుగులో చదివి వినిపించాడు. పుంగనూరులో పరీక్షలన్నీ ఒక్కరే చేశారు అని ఉంది.

"ఇట్లనే రాయాల్సి వచ్చె అక్కా" అన్నాడు, నా ముఖం వైపు చూడకుండా.

అందులో తప్పేమీ లేదని అన్నాను. ఆ 'ఒక్కరే' అన్న మాట ఒప్పో తప్పో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.