నమూనా మాటలు

బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో డబ్బు దాచుకునే వాలెట్లు తయారుచేసేవాళ్ల కోసం ఆయన ఓ ఉచిత కోడ్ లైబ్రరీ రాసి, ఏళ్లుగా ఆ బరువు నెత్తిన మోస్తున్నాడు. ఆ లైబ్రరీని వాడే పద్ధతి చూపించే పేజీలో, వాలెట్‌కి తాళంచెవిలాంటి పన్నెండు మాటలు నమూనాగా పెట్టాడు. జనం ఆ మాటలతోనే వాలెట్ తెరిచి సొంత డబ్బు వేసుకునేవారు. అదే పేజీ చూసిన దొంగలు ఊడ్చుకుపోయేవారు. తిట్లు మాత్రం ఆయనకు. "వీటిని వాడొద్దు" అని ఎర్రక్షరాల్లో రాసినా ఎవరూ చెవిన పెట్టలేదు. విసుగెత్తి, ఆ మాటలు అసలు పనిచేయకుండా చేశాడు.

మర్నాడే ఫిర్యాదు: "మీ నమూనా పనిచేయడం లేదు."

"ఈ జనానికి బుర్రనేది ఉందా?" అని బావమరిది ముందు చిందులు తొక్కాడు.

ఊరికి బయల్దేరుతున్న బావమరిది, "అది సరేగానీ బావా, నీ సూట్‌కేసు తీసుకెళ్తున్నా. తాళం నంబరెంత?" అన్నాడు.

"మూడు సున్నాలు. కొన్నప్పుడు అదే ఉంది," అన్నాడాయన, కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండానే.